30 వారాలకే పుట్టిన పాప: ముప్పు ఎక్కడుంది, అండ ఎక్కడుంది

నా దగ్గరికి వచ్చేనాటికి పాప పుట్టి 23 వారాలు. తల్లి ఒళ్లో కాదు, అమ్మమ్మ ఒళ్లో ఉంది. ముఖం మాత్రమే కనిపించేలా గుడ్డలో బిగించి చుట్టారు. తల్లి పక్క కుర్చీలో ఫైలు పట్టుకుని కూర్చుంది. డిశ్చార్జి సమ్మరీ, తల స్కాన్లు, కంటి పరీక్ష, వినికిడి పరీక్ష, అన్నీ తేదీల వరుసలో సర్ది ఉన్నాయి.

"పాప నవ్వట్లేదు డాక్టరమ్మా. మా ముఖాల వైపు చూడదు. తలలో రక్తం వచ్చిందన్నారు, అందుకేనంటారా?" అని అడిగింది అమ్మమ్మ. తల్లి ఏమీ అనలేదు.

పుట్టుకతోనే ముప్పు ఉన్న పసిపిల్లల ఎదుగుదలను చూసుకోవడం నా పని. ఈ కేసు రాయడానికి రెండు కారణాలున్నాయి. మొదటి విజిట్‌లో నేను ఒక పెద్ద విషయం వదిలేశాను. రెండోది, ఆ ఇంట్లో అండగా ఉండాల్సినవే ముప్పుగా మారడం, మళ్లీ అవే అండగా నిలబడటం కళ్లారా చూశాను. తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

పుట్టుక, ఆసుపత్రి రోజులు

తల్లికి ఇది రెండో కాన్పు. మొదటివాడు ఆరేళ్ల బాబు, నెలలు నిండి పుట్టాడు. ఈసారి బీపీ బాగా పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోవడం మొదలై, 30 వారాలకే సిజేరియన్ చేయాల్సి వచ్చింది. పాప బరువు 1,240 గ్రాములు. 37 వారాలలోపు పుట్టినవాళ్లందరినీ నెలలు నిండని పిల్లలంటాం. 32 వారాలలోపు పుట్టినా, 1,500 గ్రాములకన్నా తక్కువ ఉన్నా ఎదుగుదలను కొన్నేళ్లపాటు దగ్గరగా చూడాలి. ఈ పాప విషయంలో ఆ రెండూ ఉన్నాయి.

ఆపరేషన్‌కు ముందే పాప ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ల కోర్సు పూర్తయింది. మెగ్నీషియం సల్ఫేట్ కూడా ఇచ్చారు. ఇది తల్లికి ఫిట్స్ రాకుండా ఆపుతుంది, ఇంత ముందుగా పుట్టే బిడ్డ మెదడుకూ రక్షణ ఇస్తుంది. ఈ రెండూ పాపకు పుట్టకముందే దొరికిన అండ. ఈ సంగతి కుటుంబానికి ఎవరూ చెప్పలేదు. రక్తం వచ్చిన సంగతి మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు.

పుట్టాక నాలుగు రోజులు సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయపడే యంత్రం) మీద ఉంది. ఇన్ఫెక్షన్ అనుమానంతో యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, కల్చర్ పరీక్షలో క్రిములేమీ కనిపించకపోవడంతో ఆపేశారు. ఐదో రోజు తల స్కాన్‌లో ఎడమవైపు రెండో గ్రేడు రక్తస్రావం కనిపించింది. అంటే మెదడులోని నీటి గదిలోకి కొంత రక్తం చేరింది, కానీ గది ఉబ్బలేదు. నాలుగు గ్రేడుల్లో మొదటి రెండూ తేలికపాటివి. కాన్పు తేదీ దగ్గరపడ్డాక తీసిన స్కాన్‌లో రక్తం కరిగిపోయింది, చుట్టూ ఉన్న తెల్ల పదార్థం బాగానే ఉంది. కంటి వెనక రక్తనాళాల సమస్య మందులు, లేజర్ లేకుండానే తగ్గింది. వినికిడి పరీక్ష పాసైంది. 47వ రోజున 1,860 గ్రాముల బరువుతో ఇంటికి వెళ్లింది.

ఫైల్లో లేనివి కొన్నున్నాయి. తల్లి మొదటి మూడు రోజులూ తనే ఐసీయూలో ఉంది. నాలుగో రోజు పాపను అద్దం అవతల నుంచి చూసింది. ఎత్తుకున్నది 12వ రోజున. ఆ యూనిట్‌లో తల్లి ఛాతీ మీద పాపను పడుకోబెట్టుకునేందుకు రోజుకు ఒక గంట ఇచ్చేవాళ్లు.

ఆ ఒక్క గంట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే, హెక్టర్ మార్టినెజ్ అనే డాక్టర్లు పిల్లలను తల్లుల ఛాతీకి ఆనించి ఉంచడం మొదలుపెట్టారు. కంగారూ పద్ధతి అలా పుట్టింది. బరువు తక్కువ పిల్లల్లో పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే మొదటి నెల మరణాలు పాతిక శాతం తగ్గుతాయని ఐదు దేశాల్లో కలిపి చేసిన అధ్యయనం 2021లో చూపింది. మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచమని సిఫారసు చేసింది. ప్రాణం నిలబెట్టడంతో దీని మేలు ఆగదు. ఈ బిడ్డ నాది, నా చేతుల్లో బాగానే ఉంటుంది అన్న ధైర్యం తల్లికి అప్పుడే కలుగుతుంది. ఈ తల్లికి ఆ ధైర్యం కలగలేదు.

మొదటి విజిట్: చూసినవి, వదిలేసినవి

ముందుగా వయసు లెక్క సరిచేశాను. పాప 10 వారాలు ముందు పుట్టింది కాబట్టి 23లోంచి 10 తీసేస్తే 13 వారాలు. మేం కరెక్టెడ్ ఏజ్ అనేది దీన్నే, సుమారు రెండేళ్లు వచ్చేదాకా ఇలాగే లెక్కపెడతాం. ఇంట్లోవాళ్లు ఐదు నెలల పిల్లల పనులతో పోల్చుకుని భయపడుతున్నారు. బోర్లా పడటం లేదన్న దిగులు ఆ లెక్కతోనే సగం తీరింది.

నవ్వు సంగతి మాత్రం తీరలేదు. పలకరిస్తే నవ్వడం కరెక్టెడ్ వయసు 6 నుంచి 8 వారాలకు వస్తుంది. 13 వారాలకీ రాలేదంటే పట్టించుకోవాల్సిందే.

గుడ్డ విప్పించి, పరుపు మీద పడుకోబెట్టి, ఏమీ చేయకుండా ఐదు నిమిషాలు చూశాను. ఈ వయసులో నాడీవ్యవస్థ బాగున్న పసిబిడ్డ మెలకువగా ఉన్నప్పుడు మెడ, మణికట్లు, చీలమండలు సన్నగా, అన్ని దిక్కులకూ కదులుతూనే ఉంటాయి. ఫిజెటీ మూవ్‌మెంట్స్ అంటాం. అవి స్పష్టంగా కనిపిస్తే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికల్లో వచ్చే శాశ్వత లోపం) వచ్చే అవకాశం చాలా తక్కువ. పాపలో అవి ఉన్నాయి, రెండువైపులా సమానంగా. హామర్‌స్మిత్ నాడీ పరీక్షలో 78కి 61 వచ్చాయి. భుజాలు కాస్త వెనక్కి లాక్కుని ఉన్నాయి, నెలలు నిండని పిల్లల్లో ఇది తరచూ కనిపించేదే. తల చుట్టుకొలత 38.5 సెంటీమీటర్లు, బాగానే పెరుగుతోంది. బరువు 4.7 కిలోలు, తక్కువ. హిమోగ్లోబిన్ 8.9, అదీ తక్కువే. ఐరన్ చుక్కలు రాసిచ్చారు గానీ విరేచనం నల్లగా వస్తోందని భయపడి ఆపేశారు.

ఐరన్ ఆగిపోవడం చిన్న విషయం కాదు. బిడ్డకు కావలసిన ఐరన్ నిల్వ ఎక్కువ భాగం గర్భంలోని చివరి మూడు నెలల్లోనే చేరుతుంది. ఈ పాపకు ఆ కాలం దక్కలేదు. మెదడు మొదటి ఏడాదిలో సుమారు రెట్టింపు అవుతుంది. నరాల మీద పొర ఏర్పడటానికి, డోపమైన్ లాంటి రసాయనాలు తయారవడానికి ఐరన్ కావాలి. సరిగ్గా ఆ సమయంలో కొరత పడితే తర్వాత ఎంత ఇచ్చినా పూర్తిగా పూడకపోవచ్చు. చుక్కలు ఆ రోజే మళ్లీ మొదలుపెట్టించాను. నల్ల విరేచనం ఐరన్ వల్లేనని, దానితో ప్రమాదం లేదని చెప్పాను.

తర్వాత పాప ముఖానికి దగ్గరగా వంగి పలకరించాను. రెండు క్షణాలు నా కళ్లలోకి చూసి, తల పక్కకు తిప్పేసుకుంది. మళ్లీ పలకరిస్తే ఆవులించింది. "చూశారా, అంతే," అంది అమ్మమ్మ.

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది. పదకొండు వ్యాయామాలున్న కాగితం ఒకటి తల్లి చేతికిచ్చి, రెండు వారాల తర్వాత రమ్మన్నాను. పాపను తల నుంచి పాదం దాకా పరీక్షించాను కానీ, ముప్పావు గంటలో మూడు మాటలు కూడా మాట్లాడని తల్లిని "మీరెలా ఉన్నారు?" అని అడగలేదు.

రెండో విజిట్

ఈసారి తల్లి ఒక నోట్‌బుక్ తెచ్చింది. పదకొండు వ్యాయామాలకు పదకొండు గడులు గీసింది. మొదటి రెండు రోజులు టిక్కులున్నాయి. తర్వాత తగ్గుతూ వచ్చి, ఆరో రోజు నుంచి ఖాళీ. నోట్‌బుక్ నాకు ఇస్తూ "సారీ మేడమ్" అంది. క్షమాపణ అడగాల్సింది నేనని అప్పుడు అర్థమైంది.

అమ్మమ్మను పాపతో పక్క గదిలో కూర్చోమని చెప్పి, తల్లితో మాట్లాడాను. రాత్రి పాప నిద్రపోయినా తనకు నిద్ర పట్టదు. ఊపిరి తీసుకుంటోందో లేదో అని లేచి లేచి చూస్తుంది. పాలు తగ్గిపోయాయి. "పాపకి నేనంటే ఇష్టం లేదు మేడమ్. నేను దగ్గరికెళ్తే మొహం తిప్పేసుకుంటుంది. నా ఒంట్లో నిలవలేకే ముందు పుట్టింది కదా" అంది. ఎడిన్‌బరో స్కేల్ చేశాను. ప్రసవానంతర డిప్రెషన్‌ను గుర్తించడానికి 1987 నుంచి వాడుతున్న పది ప్రశ్నల పట్టిక అది. మొత్తం 30కి, 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే లోతుగా చూడాలి. ఆమెకు 17 వచ్చాయి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచనల గురించి. స్కోరు ఎంత వచ్చినా ఈ జవాబు విడిగా చూడాలి. "అప్పుడప్పుడు, నేను లేకపోతే బాగుండుననిపిస్తుంది" అని రాసింది. మెల్లగా, సూటిగా అడిగాను. ప్రణాళికలేమీ లేవు. అదే రోజు మానసిక వైద్యురాలితో ఫోన్లో మాట్లాడి, మర్నాటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అప్పటిదాకా ఒంటరిగా ఉంచొద్దని భర్తతో ఆమె ఎదుటే చెప్పాను. పాలిచ్చే తల్లులకు సరిపడే మందు, కౌన్సెలింగ్ రెండూ మొదలయ్యాయి.

ఇక్కడ ముడి కనిపించింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సైగలు బలహీనంగా ఉంటాయి. త్వరగా అలసిపోతారు. అలసినప్పుడు తల తిప్పుకోవడం వాళ్లకు విశ్రాంతి. తల్లి దాన్ని తిరస్కారం అనుకుంది. అనుకుని వెనక్కి తగ్గింది. ముఖంలో కదలిక పోయింది, మాట తగ్గింది. తల్లి కావాలని రెండు నిమిషాలు ముఖం కదపకుండా కూర్చుంటే పసిబిడ్డ ఏం చేస్తుందో 1970లలో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ చూపించారు. ముందు నవ్వి, చేతులు ఊపి, తల్లిని కదిలించాలని చూస్తుంది. ఫలితం లేకపోతే ముఖం తిప్పేసుకుంటుంది. డిప్రెషన్‌లో ఆ రెండు నిమిషాలు వారాలవుతాయి. బిడ్డ వల్ల తల్లి, తల్లి వల్ల బిడ్డ మారుతూ పోతారని మనస్తత్వవేత్తలు ఆర్నాల్డ్ సామెరాఫ్, మైకేల్ చాండ్లర్ 1975లోనే రాశారు. స్కాన్‌లో కనిపించిన రక్తం కరిగిపోయింది. ఈ చక్రం మాత్రం రోజూ తిరుగుతోంది.

ఒక్కో ముప్పునూ విడిగా చూస్తే ఏదీ భయంకరమైనది కాదు. రెండో గ్రేడు రక్తస్రావం, కొంచెం తక్కువ బరువు, రక్తహీనత, తల్లి డిప్రెషన్, నిద్రలేని ఇల్లు. పిల్లల మానసిక వైద్యుడు మైకేల్ రటర్ 1979లో కుటుంబంలోని ఆరు రకాల కష్టాలను తీసుకుని చూశారు. ఒక్క కష్టం మాత్రమే ఉన్న పిల్లల్లో మానసిక సమస్యలు, ఏ కష్టమూ లేనివారికన్నా పెద్దగా ఎక్కువ లేవు. రెండు కలిసేసరికి నాలుగు రెట్లయ్యాయి. అందుకే ఏ ముప్పు పెద్దది అన్న ప్రశ్నకన్నా, ఎన్ని పోగయ్యాయి, వాటిలో ఈ వారం దేన్ని తీసేయగలం అన్న ప్రశ్న నాకు ఎక్కువ పనికొస్తుంది.

తల్లితో మాట్లాడుతుండగానే బయటి నుంచి పిల్లాడి గొంతు వినిపించింది. అన్నయ్య, స్కూలు అయ్యాక నాన్నతో కలిసి వచ్చాడు. నేను తలుపు తీసి చూసేసరికి పాప అమ్మమ్మ ఒళ్లో కాళ్లు ఆడించడం ఆపి, తలను ఆ గొంతు వైపు తిప్పుతోంది. నెమ్మదిగా, కానీ సందేహం లేకుండా. కళ్లు పెద్దవయ్యాయి. వాడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "నేను చెల్లి దగ్గరికి రాకూడదు, క్రిములుంటాయి" అని నాకు వివరించాడు. పుట్టిన దగ్గర్నుంచీ వాడిని ఆ గది గడప దాటనివ్వలేదు. గుమ్మంలో నిలబడి రోజూ స్కూలు కబుర్లు చెబుతాడట.

విని, గుర్తుపట్టి, ఆగి, వెతికే శక్తి పాపలో పూర్తిగా ఉంది. అది చూపించే అవకాశమే గుమ్మం బయట నిలబడి ఉంది. చేతులు కడిగించి, జలుబు, దగ్గు లేవని చూసుకుని, వాడిని పాప పక్కన కూర్చోబెట్టాను.

అమ్మమ్మ

పాపను గుడ్డలో చుట్టించేదీ, ఎక్కువ ఎత్తుకోనివ్వనిదీ, అన్నయ్యను ఆపిందీ, ఐరన్ ఆపించిందీ అమ్మమ్మే. మా బృందంలో ఒకరు "ఆవిడే అసలు సమస్య" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. ఆవిడతో విడిగా కూర్చున్నాను.

చాలా సేపటికి చెప్పింది. ముప్పై ఏళ్ల కిందట ఆవిడకూ ఏడో నెలలో ఒక బాబు పుట్టి, తొమ్మిది రోజులకు పోయాడు. "ఎత్తుకుంటే పోయాడని అన్నారమ్మా అప్పుడు" అంది. ఇన్నేళ్లూ ఆవిడ అదే నమ్మింది. ఆ బాబు పోవడానికి ఎత్తుకోవడం కారణం కాదని, ఆ రోజుల్లో అంత చిన్న పిల్లల ఊపిరితిత్తులకు సాయపడే మందులు, యంత్రాలు చాలా చోట్ల లేవని చెప్పాను. ఆవిడ ఏడ్చింది. గది బయటికి వచ్చేటప్పుడు నా చేయి పట్టుకునే వచ్చింది.

చావు అంచుదాకా వెళ్లొచ్చిన బిడ్డను పెద్దవాళ్లు గాజుబొమ్మలా చూస్తూ ఉండిపోతే, ఆ భయమే బిడ్డ ఎదుగుదలకు అడ్డమవుతుందని డాక్టర్లు మోరిస్ గ్రీన్, ఆల్బర్ట్ సోల్నిట్ 1964లో రాశారు. ఈ ఇంట్లో ఆ భయం ఒక్క తరానిది కాదు. ఆవిడ జాగ్రత్తను పోగొట్టాల్సిన పని లేదు, దాన్ని మళ్లిస్తే చాలు. ఐరన్ చుక్కలు, విటమిన్ డి, టీకాల తేదీలు, వారం వారం బరువు, ఇవన్నీ ఆవిడకు అప్పగించాం. ఆ తర్వాత ఏడాదిన్నరలో ఒక్క డోసు తప్పలేదు. ముప్పు జాబితాలో రాసుకున్న మనిషే ఈ కేసులో అందరికన్నా గట్టి అండ అయ్యింది. ఫలానాది రక్షణ, ఫలానాది ముప్పు అని ముద్ర వేయకుండా, అది ఆ ఇంట్లో ఎలా పనిచేస్తోందో చూడమని రటర్ 1987లో రాసినది నాకు ఈ పెద్దావిడ ముందే పూర్తిగా అర్థమైంది.

ఏం చేశాం

పదకొండు వ్యాయామాల కాగితం చింపేశాను. రెండే మిగిల్చాం: తల్లి లేదా తండ్రి ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టడం, స్నానం తర్వాత రెండు చేతులనూ ముందుకు, ఒకదానికొకటి తాకేలా తేవడం. భుజాలు వెనక్కి లాగే తీరుకు ఈ రెండూ సరిపోతాయి. గుడ్డలో చుట్టడం ఆపాం.

రాత్రి పది నుంచి రెండు దాకా పాప తండ్రి బాధ్యత. మొదట్లో ఎత్తుకోవడానికి భయపడేవాడు. తల్లికి వరుసగా నాలుగు గంటల నిద్ర దొరకడం ఆ నెలలో జరిగిన అన్ని పనుల్లోకీ ముఖ్యమైనదని నా అభిప్రాయం. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నిద్ర ఆ రాత్రి నుంచే పనిచేస్తుంది.

వీడియో ఒకటి తీశాం. తల్లి గిలక్కాయ ఆడిస్తూ పాపతో ఉన్న నాలుగు నిమిషాలు, ఆమె ఫోన్‌లోనే. తర్వాత కలిసి చూశాం. ఆ నాలుగు నిమిషాల్లో పాప తల్లి ముఖంలోకి మూడుసార్లు చూసింది. మూడుసార్లూ తల్లి చూపు గిలక్కాయ మీద ఉంది. ఆ మూడు చోట్లా వీడియో ఆపాను. నేనేమీ అనలేదు. ఆమె చాలాసేపు స్క్రీన్ వైపే చూసి, "నన్నే చూస్తోంది కదా?" అంది. తల తిప్పుకున్నప్పుడు పిలవకుండా ఐదారు క్షణాలు ఆగితే పాప తనంతట తానే తిరిగి వస్తుందని కూడా అదే వీడియోలో చూపించాను. ఇవన్నీ నోటితో చెబితే ఆ తల్లి నమ్మేది కాదు.

మా బృందం నుంచి ఒక కార్యకర్త పన్నెండు వారాలు, వారానికోసారి ఇంటికి వెళ్లింది. ఆమె పాపతో ఆడలేదు. తల్లి, అన్నయ్య ఆడుతుంటే పక్కన కూర్చుంది. ఇంటి సందర్శనల మీద నా నమ్మకానికి ఆధారం జమైకా అధ్యయనం. ఎదుగుదల కుంటుపడ్డ పిల్లల ఇళ్లకు 1980ల చివర్లో రెండేళ్లపాటు వారానికో గంట వెళ్లి, తల్లికి పిల్లలతో ఆడటం నేర్పారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, అలాంటి సాయం అందనివాళ్లకన్నా పాతిక శాతం ఎక్కువగా ఉంది.

తర్వాతి నెలలు

కరెక్టెడ్ వయసు 16 వారాలప్పుడు పాప మొదటిసారి స్పష్టంగా నవ్వింది, అన్నయ్యను చూసి. ఆ కబురు చెప్పడానికి తల్లి ఫోన్ చేసింది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ చేసి, "నన్ను చూసి" అని మాత్రం అంది.

ఆరు నెలలకు బరువు 6.3 కిలోలు, హిమోగ్లోబిన్ 11.2. తల్లి ఎడిన్‌బరో స్కోరు 6. ఎనిమిది నెలలకు ఆసరా లేకుండా కూర్చుంది. రక్తస్రావం ఎడమవైపు జరిగింది కాబట్టి కుడిచేతిని ప్రతి విజిట్‌లోనూ ప్రత్యేకంగా చూశాం. ఏడాదిలోపే ఒక చేతినే వాడటం మొదలైతే రెండో చేతిలో బలహీనత ఉందేమోనని అనుమానించాలి. ఈ పాప రెండు చేతులతోనూ వస్తువులు అందుకుంది. 15 నెలలకు నడిచింది. ఇవన్నీ కరెక్టెడ్ వయసులే.

ఇందులో ఎంత మా పని వల్ల, ఎంత కాలంతోపాటు వచ్చేది, విడదీసి చెప్పడం సాధ్యం కాదు. భుజాల బిగువు చాలామంది పిల్లల్లో ఏడాది తిరిగేలోపు దానంతటదే పోతుంది. తల్లి డిప్రెషన్, ఐరన్ లోటు మాత్రం ఎవరూ అడగకుండా ఉంటే అలా పోయేవి కావు.

18 నెలల విజిట్‌లో ఒక కొత్త విషయం బయటపడింది. పాప చెప్పినవి అర్థం చేసుకుంటోంది, వేలితో చూపిస్తోంది, పేరు పిలిస్తే వెంటనే తిరుగుతోంది. మాటలు మాత్రం ఐదే. వినికిడి పరీక్ష మళ్లీ చేయించాం, బాగుంది. నా గదిలో ఆడుకుంటుండగా పాప బంతి వైపు చేయి చాపి నోరు తెరిచింది. అన్నయ్య అప్పటికే "చెల్లికి బంతి కావాలట" అని అందించేశాడు. ఇంట్లో ఏం కావాలన్నా అంతే. పాప అడిగేలోపే వాడు అడిగేస్తాడు.

వాడిని దగ్గరికి పిలిచి ఒక ఆట చెప్పాను. చెల్లి ఏదైనా చూపిస్తే, మనసులో ఐదు లెక్కపెట్టాకే ఇవ్వాలి. వాడు ఒప్పుకుని, అక్కడే ఒకసారి చేసి చూపించాడు. బంతి పట్టుకుని, పెదవులు బిగించి, వేళ్లు ఒక్కొక్కటే మడిచాడు. నాలుగో వేలు దగ్గర పాప "బా" అంది.

స్పీచ్ థెరపిస్టుతో ఒక పరీక్ష రాశాను. తర్వాతి విజిట్ 24 నెలలకు. తేదీని అమ్మమ్మ రాసుకుంది.